మళ్ళీ రాని బోరింగులు

ఉప్పల్, నాచారం వైపు చేతిపంపును ఎవరూ చేతిపంపు అనరు, బోరింగు అంటారు. హైదరాబాదు తూర్పు దిక్కున బోరింగుల సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఒకడు జ్ఞానయ్య. రెండోవాణ్ణి నేను. నేను డ్రైవరునే కావచ్చు, ఎనిమిదో తరగతిలో లెక్కల పంతులుతో గొడవపడి బడి వదిలేసినవాణ్ణే కావచ్చు. కానీ మా డిపో వ్యానును పదకొండు నెలలు బ్రేకులు లేకుండా నడిపాను. నా హారను వినగానే ఉప్పల్ చౌరస్తాలో ఎద్దులు రోడ్డు దిగి పక్కన నిలబడేవి. నమ్మనివాళ్ళు ఆ ఎద్దుల్ని అడగవచ్చు.

సరే, చెప్పవలసింది జ్ఞానయ్య గురించి.

జ్ఞానయ్యది జనగామ దగ్గర పల్లె. తండ్రి బావుల్లో పూడిక తీసేవాడు. చర్చి బడిలో ఐదో తరగతి వరకు చదివాడు. బైబిలు చదవడంతో తెలుగు గట్టిపడింది గానీ ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏమీ రావు. 1957లో నాచారం వచ్చి, బోర్లు వేసే ముఠాలో పైపులు మోసే కూలీగా చేరాడు. తర్వాత మేస్త్రీ అయ్యాడు. పైపుకు చెవి ఆనించి, మల్కాజిగిరి స్టేషన్లో ఏ రైలు ఆగిందో చెప్పేవాడని నేను చాలామందికి చెప్పాను. అది అబద్ధం. హ్యాండిలు మూడు దెబ్బలు కొట్టి, లోపల తోలు చిరిగిందో, కడ్డీ వంగిందో, నీళ్ళే దిగిపోయాయో చెప్పేవాడు. అది నిజం.

మా డిపో నాచారం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. ఏ శాఖదో అడగకండి, బోర్డు మీద ఆ పేరు తుప్పు తినేసింది. ముగ్గురేసి మనుషులతో నాలుగు ముఠాలు, ఒక స్టోరు కీపరు, ఒక వ్యాను, ఆ వ్యానుకు నేను. లావుపాటి ఫిర్యాదుల పుస్తకం ఒకటి. బోరింగు చెడితే బస్తీవాళ్ళు వచ్చి చెప్తారు, పుస్తకంలో రాస్తాం. ముఠా వెళ్ళి బాగుచేస్తుంది, పక్కన టిక్కు పెడతాం. నెలాఖరుకు టిక్కులు లెక్కపెట్టి పై ఆఫీసుకు పంపుతాం. ఎన్ని టిక్కులు ఉంటే అంత పని జరిగినట్టు.

1971 అక్టోబరులో మా సూపర్‌వైజరు బదిలీ మీద వెళ్ళాడు. ఆ చోటికి ఎవరూ రాలేదు. పై ఆఫీసు నుంచి కాగితం మాత్రం వచ్చింది. సీనియరు మేస్త్రీ జ్ఞానయ్య ఆరు నెలలు ఇన్‌చార్జిగా ఉండాలి. మార్చి ఆఖరున ఇ.ఇ. గారు, అంటే మా అందరి మీద పెద్ద ఇంజనీరు, స్వయంగా తనిఖీకి వస్తారు. పని బాగుంటే కుర్చీ జ్ఞానయ్యదే. లేకపోతే అంబర్‌పేట్ డిపో సూపర్‌వైజరు పాండురంగ ఈ డిపోను కూడా చూసుకుంటాడు, జ్ఞానయ్య మళ్ళీ పైపులు ఎత్తడానికి వెళ్ళాలి.

పైపులు ఎత్తడం అంటే తేలిక కాదు. వంద అడుగుల ఇనుమును ముక్కముక్కగా భూమిలోంచి లాగాలి. జ్ఞానయ్యకు అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళు రెండూ పోయాయి. అతని భార్య మార్తమ్మ దవాఖానాలో ఆయాగా పనిచేసేది. కాగితం సంగతి నేనే వెళ్ళి చెప్పాను.

"కుర్సీల కూసుంటె మోకాళ్ళ నొప్పులు తగ్గుతయా మరిదీ?" అంది.

"తగ్గయి వదినా. దాసుకోవొచ్చు."

"గదన్న చాలు తియ్యి. పొద్దుగాల మంచం దిగేటప్పుడు ఆయన మూల్గుడు నేను వినలేకపోతున్న."

జ్ఞానయ్య మాత్రం కుర్చీలో కూర్చోలేదు. దానిమీద ఫిర్యాదుల పుస్తకం పెట్టి, పక్కన పైపుల కట్ట మీద కూర్చుని నాలుగు రోజులు చదివాడు. ఐదో రోజు నన్ను పిలిచాడు.

"ఉమాపతీ, నీకు చదువొస్తదా?"

"ఎనిమిది దాంక వచ్చిందన్నా. ఆపైన అదే రాలే."

"చెరువు కట్ట కింది బోరింగు సెప్టెంబరుల ఎన్నిసార్లున్నదో చూడు."

చూశాను. ఏడుసార్లు ఉంది. ఏడింటికీ టిక్కులున్నాయి.

"ఏడుసార్లు బాగుచేసినమా, ఒక్కసారి గూడ చెయ్యలేదా?" అన్నాడు.

నేను బడి వదిలేసింది సరిగ్గా ఇలాంటి లెక్క మీదే. అప్పుడూ జవాబు రాలేదు, ఇప్పుడూ రాలేదు.

కారణం మా అందరికీ తెలుసు. బోరింగు కడుపులో గిన్నెలాంటి తోలు వాషరు ఉంటుంది. హ్యాండిలు కొట్టినప్పుడల్లా నీళ్ళను పైకి మోసేది అదే. కొత్త వాషరును రెండు రోజులు ఆముదంలో నానబెట్టి బిగిస్తే ఏడాది ఉంటుంది. ఎండుది బిగిస్తే పది రోజుల్లో పగులుతుంది. తెలిసికూడా అందరూ ఎండువే బిగించేవారు. ఎందుకంటే నానబెట్టడానికి ముందుగా వాషరు చేతిలో ఉండాలి. చేతికి ఇచ్చేవాడు పరంధామయ్య.

పరంధామయ్య మా స్టోరు కీపరు. నడుముకు వేలాడే తాళాల గుత్తి బరువుకు ఎడమవైపు ఒరిగి నడిచేవాడు. సెలవురోజున తాళాలు లేక కుడివైపు పడిపోయేవాడు. ఆయన దగ్గర ఒక రూలు ఉండేది: పాత వాషరు తెచ్చి ఇస్తేనే కొత్త వాషరు. ఎప్పుడో ఎవడో పెట్టెడు వాషర్లు చెప్పులు కుట్టించుకోవడానికి పట్టుకుపోయాడట. ఆ ఏడాది ఒక గల్లీ గల్లీ అంతా సర్కారు తోలు మీద నడిచిందని నేను చెప్తుంటాను. అప్పటినుంచి ఆ రూలు.

అందువల్ల పని ఇలా జరిగేది. ముఠా వెళ్ళి పైపులన్నీ లాగి, చిరిగిన వాషరు తీసుకుని నాచారం వస్తుంది. దాన్ని చూపించి కొత్తది తీసుకుని మర్నాడు మళ్ళీ వెళ్తుంది. అక్కడ బోరింగు కడుపు తెరిచి ఉంటుంది, ఆడవాళ్ళు బిందెలు వరుసపెట్టి తిడుతుంటారు. ఇంకా రెండు రోజులు తోలు నానాలని వాళ్ళకు చెప్పే ధైర్యం ఎవడికీ లేదు. ఎండుదే బిగించి వ్యాను ఎక్కేవారు. నేను వేగంగా నడిపేవాణ్ణి.

జ్ఞానయ్య స్టోరు కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"పరంధామయ్య సారూ, ఇరవై వాషర్లు ముందుగాల్నే ఇయ్యుండ్రి. నానబెట్టుకుంటం."

"పాతయి ఏవి?"

"బోరింగులల్ల ఉన్నయి సార్. ఇంక చెడలే."

"చెడినంక తే."

"చెడకముందే నానబెట్టాలె గద."

పరంధామయ్య కళ్ళజోడు పైనుంచి చూశాడు. "జ్ఞానయ్యా, నువ్వు ఇన్‌చార్జివి. నువ్వంటె నాకు మస్తు గౌరవం. కానీ రూలు నీకంటె సీనియరు."

ఆ మధ్యాహ్నం జ్ఞానయ్య ఇంట్లో భోజనం చేశాను. నన్ను ఎవరూ పిలవలేదు. చేపల పులుసు వాసన వస్తే వ్యాను దానంతట అదే ఆ గల్లీలోకి తిరిగేది. జ్ఞానయ్య అప్పటికే తింటున్నాడు. మార్తమ్మ నా కోసం ఇంకో సోలెడు బియ్యం కొలిచింది. ఎసట్లో పోసేముందు గుప్పెడు తీసి, గోడవార ఉన్న డబ్బాలో వేసింది. పూటపూటా అలా తీసిన బియ్యాన్ని ఆదివారం చర్చికి పట్టుకెళ్ళడం వాళ్ళ అలవాటు.

"వదినా, తిన్నంక మిగిలింది ఇస్తె సాలదా?" అన్నాను.

"మీరిద్దరు తిన్నంక ఏం మిగుల్తది? ఎసట్ల పొయ్యకముందే తియ్యాలె. పోసినంక తీస్త అంటె ఎన్నడు తియ్యం."

జ్ఞానయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ముందుగాల తీసిపెట్టుకునెతందుకు మనకు దేంట్లకెళ్ళి వస్తది గుప్పెడు?" అని తనలో తాను అనుకుని, నా వైపు తిరిగాడు. "ఉమాపతీ, ఎండిన బోర్లెన్ని ఉన్నయి మన దిక్కు?"

ఎండిన బోరంటే నీళ్ళు అడుగంటితే శాశ్వతంగా వదిలేసినది. కాగితాల్లో అవి చచ్చిపోయాయి. కానీ పైన బోరింగులు నిలబడే ఉన్నాయి, వాటి కడుపుల్లో వాషర్లూ ఉన్నాయి. ఆ వారం రెండు ముఠాలతో ఉప్పల్ నుంచి నాచారం దాకా తిరిగాం. చచ్చిన బోరింగు విప్పుతుంటే పిల్లలు చుట్టూ చేరి, నీళ్ళొస్తాయా అని అడిగేవారు. వస్తాయి గానీ ఇక్కడ కాదని జ్ఞానయ్య ఓపిగ్గా చెప్పేవాడు. నాలుగో రోజుకు ఇరవై ఆరు పాత వాషర్లు గోనెసంచిలో పడ్డాయి.

పరంధామయ్య ఒక్కోదాన్నీ వెలుతురులో పట్టి చూశాడు.

"ఏ ఫిర్యాదు మీద తీసినవి గివి?"

"ఫిర్యాదు లేదు సార్. ఎండిన బోర్లయి. రూలుల పాత వాషరు అని ఉన్నది. ఏ బోరుదో ఉన్నదా, జర చూడుండ్రి."

పరంధామయ్య రూల్సు పుస్తకం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివాడు, తీసి ఒకసారి చదివాడు. నోటితో గొణుగుతూ ఇంకోసారి చదివాడు.

"లేదు," అన్నాడు. బిడ్డను అత్తారింటికి పంపుతున్నవాడిలా ఇరవై ఆరు కొత్త వాషర్లు కిటికీలోంచి జరిపాడు.

మొదటి ఆముదం మార్తమ్మ సీసాలోంచే పోశాం. "నా నెత్తికి లేదు గని బోరింగుల కడుపుకు ఉన్నదా?" అని వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆముదాన్ని కూడా స్టోరు సామాన్ల జాబితాలో రాయించాడు జ్ఞానయ్య. అప్పటినుంచి ముఠా నానిన వాషరు డబ్బాతోనే బయల్దేరేది. చిరిగినదాన్ని తీసి, నానినదాన్ని అప్పుడే బిగించి వచ్చేది. తెచ్చిన పాతదాన్ని పరంధామయ్యకు ఇస్తే వచ్చిన కొత్తది ఆముదంలోకి వెళ్ళేది. రూలు అలాగే ఉంది. వాషరు మాత్రం ఒక రోజు ముందుకు జరిగింది.

జ్ఞానయ్య చేసిన రెండో పనికి తెల్లరంగు డబ్బా ఒకటి సరిపోయింది. పొద్దున్నే అందర్నీ నిలబెట్టి చెప్పాడు.

"ఎవ్వరు బాగుచేసిన్రో వాళ్ళ పేరు బోరింగు మీద రాయాలె. మళ్ళ చెడితె వాళ్ళే పోవాలె. ఇంకో ముఠ పోదు."

దామోదర్ అని మొదటి ముఠా మేస్త్రీ ఉండేవాడు. డిపోలో అందరికంటే ఎక్కువ టిక్కులు వాడివే. "పేరెందుకన్నా, ముఠ నంబరు రాద్దాం," అన్నాడు.

"నంబరును ఎవ్వరు తిడతరు?" అన్నాడు జ్ఞానయ్య.

నిజంగానే తిట్టారు. చెరువు కట్ట కింద సుశీలమ్మ అనే ఆమె ఉండేది. రైల్వేలో పనిచేసే ఆయన భార్య, గల్లీకంతటికీ పెద్ద గొంతు. దామోదర్ సైకిలు కనబడితే చాలు, గుమ్మంలోంచి పిలిచేది.

"ఓ దామోదరూ! నీ బోరింగు గుర్రుపెడ్తున్నది. మీ ఇంట్ల గూడ గిట్లనే గుర్రుపెడ్తవా?"

దామోదర్ మొదట్లో దారి మార్చి తిరిగాడు. తర్వాత గ్రీజు డబ్బా సైకిలుకు కట్టుకుని తిరిగాడు. సంక్రాంతి దాటేసరికి, డ్యూటీకి వచ్చేముందు ఆ బోరింగు రెండు దెబ్బలు కొట్టి చూసి వచ్చేవాడు. మూడో ముఠా కామరాజు పేరు బడి ముందున్న బోరింగు మీద పడింది. పిల్లలు "కామరాజు నీళ్ళు" తాగొస్తామని పంతులమ్మను అడిగేవారట. కామరాజు అది విని రంగు డబ్బా అడిగి పట్టుకెళ్ళి, తన పేరును ఇంకాస్త లావుగా దిద్ది వచ్చాడు. ఎవడి బోరింగు ఎన్ని దెబ్బలకు బిందె నింపుతుందో పందేలు మొదలయ్యాయి. నేను అన్ని వైపులా పందెం కాసి, అన్నీ గెలిచాను.

జ్ఞానయ్య కూడా చర్చి గల్లీలో ఒక బోరింగును తనే బాగుచేసి, కింద చిన్నగా పేరు రాశాడు. పొద్దున్నే పుస్తకం తెరిచి ఒకటే అడిగేవాడు. "ఇయ్యాల ఏది మళ్ళొచ్చింది?" వచ్చినదాని మేస్త్రీ తల వంచుకునేవాడు. జ్ఞానయ్య అరిచేవాడు కాదు. తనే కూడా వెళ్ళి, అతని పక్కన నిలబడి విప్పించి, తప్పు ఎక్కడో అతనితోనే చెప్పించేవాడు. మాకు అరుపులు అలవాటు. ఇది కొత్త.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడే మా మెడకు చుట్టుకుంది.

బోరింగులు చెడడం తగ్గింది. చెడకపోతే ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేకపోతే టిక్కు లేదు. అక్టోబరులో రెండువందల పన్నెండు టిక్కులు పంపిన డిపో ఫిబ్రవరిలో యాభై రెండు పంపింది. మార్చి రెండోవారంలో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. డిపోల పట్టికలో అంబర్‌పేట్ రెండువందల నలభై ఆరుతో మొదట ఉంది. నాచారం అన్నిటికన్నా కింద ఉంది. "పనిలో తీవ్రమైన క్షీణత కనిపిస్తున్నందున ఇన్‌చార్జి తనిఖీ రోజున సంజాయిషీ ఇవ్వవలెను."

జ్ఞానయ్య ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పరంధామయ్య స్టోరులోంచి బయటికొచ్చాడు. ఆయన తాళం వేయకుండా బయటికి రావడం నేను చూడడం అదే మొదలు.

"జ్ఞానయ్యా, మనోళ్ళు రోజు పోయి చూసొస్తరు గద, అవిటికి గూడ టిక్కు పెట్టు. ఎవ్వరడుగుతరు?"

"బాగున్న బోరింగును బాగుచేసిన అని ఎట్ల రాస్త సార్?"

"రాయకుంటె కుర్సీ పోతది."

"పోతె పోతది," అన్నాడు. కానీ ఆ మాట అంటూ అతని చెయ్యి మోకాలి మీదకు వెళ్ళింది. అందరం చూశాం.

తనిఖీ మార్చి ఇరవై తొమ్మిదిన. ముందురోజు మధ్యాహ్నం జ్ఞానయ్యను కాగితాల కోసం పై ఆఫీసుకు పిలిచారు. నాకు ఒక ఆలోచన వచ్చింది. నా ఆలోచనల్లో చాలావాటిని నేను దేశానికి వదిలేశాను, దీన్ని మాత్రం వాడుకున్నాను. మేస్త్రీలందర్నీ వ్యానులో ఎక్కించాను.

"సూడుండ్రి. అన్నకు టిక్కులు కావాలె. టిక్కులు కావాలంటె ఫిర్యాదులు కావాలె. ఇయ్యాల ఓ నలభై బోరింగుల సీలలు ఒదులు చేస్తె, పొద్దుగూకే వరకు నలభై ఫిర్యాదులు. రేపు సార్ వచ్చేవరకు నలభై టిక్కులు. ఎట్లున్నది?"

అందరూ బాగుందన్నారు. నేరుగా చెరువు కట్ట కిందికి పోనిచ్చాను. కామరాజు పానా పట్టుకుని దిగాడు. వాడికంటే ముందు దామోదర్ దిగి, బోరింగు గద్దె మీద కూర్చున్నాడు.

"ఇది వద్దు. ఇది నాది."

"అందరియి విప్పుతం గదరా!"

"విప్పుకోండ్రి. నాది ముట్టొద్దు. సుశీలమ్మ నోట్ల మళ్ళ నేను పడ. కామరాజుది విప్పుదాం, పదండ్రి."

బడి దగ్గరికి వెళ్ళాం. కామరాజు వ్యాను ఆగకముందే దూకి, బోరింగును రెండు చేతులా పట్టుకున్నాడు. "పోరగాండ్లు నీళ్ళు తాగే జాగ ఇది! సిగ్గున్నదారా మీకు?" అరగంట క్రితం సరేనన్నవాడే ఈ మాట అన్నది. మూడోచోట ఇద్దరు మేస్త్రీలు కాలర్లు పట్టుకున్నారు. నాలుగోచోట నా పానానే ఎవడో బావిలో పారేశాడు. ఎండలో మూడు గంటలు తిరిగినా ఒక్క సీల కదల్లేదు. ఎవడి బోరింగు దగ్గర వాడు కాపలా.

చివరికి చర్చి గల్లీలో ఆగాం. అక్కడి బోరింగు మీద జ్ఞానయ్య పేరుంది. అడ్డం నిలబడడానికి జ్ఞానయ్య లేడు. మేస్త్రీలు ఎవరూ దిగలేదు. నేనే దిగాను. మూత తీసి, హ్యాండిలును కడ్డీతో కలిపే ఇనుప సీల సగం బయటికి లాగి, మూత పెట్టేశాను. ఒక్క టిక్కయినా వస్తుందని అనుకున్నాను.

అదీ రాలేదు. సాయంత్రం వరకు చూశాం, ఆ బోరింగు సగం సీల మీదే నీళ్ళిస్తోంది. జ్ఞానయ్య చేతిపని చెడగొట్టినా వెంటనే చెడదు.

మర్నాడు పదింటికి ఇ.ఇ. సత్యనారాయణమూర్తి గారు జీపులో వచ్చారు. కోస్తా వైపు మనిషి, సన్నగా ఉండేవారు, కోపం వచ్చినప్పుడు కూడా "మీరు" అనేవారు. అది తిట్టుకన్నా భయంగా ఉండేది. కుర్చీ మీద ఫిర్యాదుల పుస్తకం చూసి, దాన్ని బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

"అక్టోబరులో రెండువందల పన్నెండు. మార్చిలో ఇప్పటికి నలభై ఒకటి. వేసవి ముదిరేకొద్దీ పని పెరగాలి. ఇక్కడ తగ్గింది. ఏమిటండీ ఇది?"

"చెడుడు తగ్గింది సార్," అన్నాడు జ్ఞానయ్య.

"అందరూ అలాగే చెప్తారు. మనుషులు వచ్చి చెప్పడం మానేసినా ఫిర్యాదులు తగ్గుతాయి. బోరింగులు పనిచేస్తున్నాయని నేనెలా నమ్మాలి?"

"చూపిస్త సార్."

"ఏదో ఒకటి చూస్తే చాలు. మీరు స్వయంగా చేసింది ఏదైనా ఉందా?"

నా గుండె జారి వ్యాను కింద పడింది. అది అతిశయోక్తి కాదు.

"ఉన్నది సార్. చర్చి గల్లీల," అన్నాడు జ్ఞానయ్య. ఆరు నెలల్లో ఆ మొహంలో గర్వం కనబడడం అదే మొదలు.

జీపు వెనకే నా వ్యానులో అందరూ బయల్దేరారు. చెరువు కట్ట నుంచి సుశీలమ్మ కూడా ఆ రోజు చర్చి గల్లీలో చుట్టాలింటికి వచ్చి, వాళ్ళ బిందె నింపుతోంది. ఆమె బిందె తీసుకోగానే ఇ.ఇ. గారు చొక్కా చేతులు మడిచి, స్వయంగా హ్యాండిలు పట్టారు. ఒక దెబ్బకు నీళ్ళొచ్చాయి. రెండో దెబ్బకు వచ్చాయి. మూడో దెబ్బకు లోపల టంగుమంది. హ్యాండిలు విరిగిన చెయ్యిలా వేలాడింది.

అందరికంటే ముందు సుశీలమ్మ అందుకుంది.

"సార్, ఆర్నెల్లల్ల గీ బోరింగు ఇయ్యాలే ఆగింది. అది గూడ మీ చెయ్యి పడ్డంకనే."

జ్ఞానయ్య మెల్లగా మూత తీసి లోపలికి చూశాడు. సీల తీసి అరచేతిలో పెట్టుకుని వేలితో తడిమాడు.

"ఇది అరగలే. విరగలే. ఎవ్వరో గుంజిన్రు," అన్నాడు. తర్వాత తలెత్తి మా అందరి వైపు చూశాడు. కోపం లేదు. హ్యాండిలు కొట్టి లోపలి చప్పుడు వినేటప్పుడు ఎలా చూసేవాడో అలా చూశాడు. మూడు దెబ్బలు కూడా కాలేదు, ఆ చూపు నా మీద ఆగిపోయింది.

"నేనే సార్," అన్నాను, ఇ.ఇ. గారి వైపు తిరిగి.

"మీరెవరు?"

"డ్రైవర్ని సార్."

"డ్రైవరుకు బోరింగుతో పనేమిటి? ఎందుకు చేశారు?"

"టిక్కులు తక్కువైనయని సార్. చెడితెనే గద బాగుచేసేది, బాగుచేస్తెనే గద టిక్కు. అన్న కుర్సీ పోతదని చేసిన. ఆయనకు తెల్వదు."

ఆయన ఆ సీలను జ్ఞానయ్య చేతిలోంచి తీసుకున్నారు. "అయితే ఒక్కటే ఎందుకు? ఇంకా చేయవచ్చుగా?"

"నలభై చేద్దామనుకున్నం సార్. చెయ్యనియ్యలే," అన్నాను దామోదర్ వైపు చూపిస్తూ. "ఎవని బోరింగు వాడు పట్టుకుని కూసున్నడు. నా పానా గూడ బావిల పారేసిన్రు."

దామోదర్ తల వంచుకున్నాడు. కామరాజు మాత్రం, "పోరగాండ్లు తాగే జాగ సార్," అని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇ.ఇ. గారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బోరింగు మీద పేరును దగ్గరికెళ్ళి చదివారు. "అన్నింటి మీదా ఇలా పేర్లున్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాడు జ్ఞానయ్య. తిరిగి డిపోకు వచ్చేదారిలో జీపు నాలుగుచోట్ల ఆగింది. నాలుగుచోట్లా ఆయనే దిగి కొట్టారు. నాలుగుచోట్లా నీళ్ళొచ్చాయి. నాలుగోచోట చేతులు కడుక్కుని, మొహం కూడా కడుక్కున్నారు.

డిపోలో ఫిర్యాదుల పుస్తకం తెరిచి, అక్టోబరు పేజీనీ మార్చి పేజీనీ పక్కపక్కన పెట్టి చూశారు. చెరువు కట్ట బోరింగు ఒక పేజీలో ఐదుసార్లు ఉంది, రెండోదానిలో అసలు లేదు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, నెలవారీ కాగితంలో టిక్కుల పక్కన నిలువుగా ఒక గీత గీశారు. దానిపైన "మళ్ళీ రానివి" అని రాశారు.

"ఎన్ని?"

"రానియి ఎట్ల లెక్కపెడతం సార్?"

"పేర్లు రాసినవి ఎన్ని? వాటిలో మళ్ళీ చెడినవి ఎన్ని?"

జ్ఞానయ్య పుస్తకం చూడకుండానే చెప్పాడు. "రాసినయి నూటముప్పై. చెడినయి తొమ్మిది."

నూట ఇరవై ఒకటి అని ఆయనే రాసుకున్నారు. నేను కూడా మనసులో లెక్కవేశాను, నాకు వేరే అంకె వచ్చింది. లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, నన్ను చూపించి జ్ఞానయ్యతో అన్నారు: "ఈయన సంగతేమిటో మీరే చూడండి. మీ డిపో కదా."

మీ డిపో అన్నారు. జీపు వెళ్ళిపోయేదాకా జ్ఞానయ్య నిలబడే ఉన్నాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ళు టకటకమన్న చప్పుడు స్టోరులో ఉన్న పరంధామయ్యకు కూడా వినబడింది.

పదిరోజులకు కాగితం వచ్చింది. "తదుపరి ఉత్తర్వుల వరకు జ్ఞానయ్య ఇన్‌చార్జిగా కొనసాగవలెను." సూపర్‌వైజరు అన్న మాట అందులో లేదు. తదుపరి ఉత్తర్వులు ఎప్పుడూ రాలేదు. ఏప్రిల్ నెల వచ్చినప్పుడల్లా పరంధామయ్య, "వచ్చిందా?" అని అడిగేవాడు. జ్ఞానయ్య తల అడ్డంగా ఊపేవాడు. అలా ఏడేళ్ళు ఇన్‌చార్జిగానే ఉండి, 1979లో ఇన్‌చార్జిగానే రిటైరయ్యాడు. ఎర్రగీత గీసిన ఆ కాగితాన్ని మిగతా డిపోలకు కూడా పంపారని విన్నాం. వాళ్ళు దాన్ని ఎలా నింపారో నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పగలను గానీ చెప్పను.

నా సంగతి ఆ రోజే తేల్చాడు. మధ్యాహ్నం నన్ను చర్చి గల్లీకి తీసుకెళ్ళి సీల బిగించాడు. తన పేరును కిరోసిన్ గుడ్డతో తుడిచి, రంగు కుంచె నా చేతిలో పెట్టాడు.

"రాయి. ఉమాపతి అని."

"అన్నా, నేను డ్రైవర్ని!"

"గుంజేటప్పుడు యాదికి లేదా?"

రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆ రోజునుంచి వారానికోసారి ఆ బోరింగుకు గ్రీజు పెట్టడం, తోలు చిరిగితే వాషరు మార్చడం నా పని. ఈ దేశంలో సొంత బోరింగు ఉన్న సర్కారు డ్రైవరు నేనొక్కణ్ణే. మార్తమ్మ నీళ్ళకొచ్చినప్పుడల్లా, "మరిదీ, నీ బోరింగు కీచుమంటున్నది," అని కేకేసేది.

ఏడేళ్ళలో అది ఫిర్యాదుల పుస్తకంలోకి రెండుసార్లు ఎక్కింది. అందరికీ మాత్రం, ఒక్కసారి కూడా ఎక్కలేదనే చెప్తుంటాను.